తొమ్మిది రోజుల ‘పర్లేదు’

ఆ ఉదయం తూర్పున ఆకాశం కడిగినట్టుంది. పడమట మాత్రం కొండల మీద మబ్బు మడతపెట్టిన దుప్పటిలా పడి ఉంది. నేల మీద మంచు కట్టలేదు. గాలి ఇలాగే ఉంటే మధ్యాహ్నానికి చినుకు పడుతుంది. తిరిగితే మబ్బంతా నది దాటి కెనడా పోతుంది. ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడి ఇదంతా చూసి గుర్తు పెట్టుకున్నాను. ఎలోడీ అడుగుతుంది.

ఎలోడీ నా మనవరాలు. పదమూడేళ్ళ పిల్ల. అప్పటికి తొమ్మిది రోజులుగా జిల్లా ఆసుపత్రి ఎమర్జెన్సీలో కిటికీ లేని గదిలో ఉంది. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అది మొదట అడిగేది ఆకాశం సంగతే.

కెనడా సరిహద్దులోని మా లోయలో సెప్టెంబరు చివర బంగాళాదుంపల తవ్వకాలప్పుడు బడులు మూడు వారాలు మూసేస్తారు. పిల్లలు పొలానికి రావాలి. మా తాత కాలంలో బుట్టలతో ఏరేవారు. ఇప్పుడు యంత్రం తవ్వి కదిలే పట్టా మీద పోస్తుంది. ఆ పట్టాకి అటూ ఇటూ నిలబడి రాళ్ళనీ మట్టిగడ్డలనీ కుళ్ళిన దుంపలనీ తీసి పారేయాలి. ఎలోడీ తొమ్మిదో ఏట నుంచి నా పక్కనే నిలబడుతోంది. రాయి దుంప రంగులోనే ఉంటుంది, మట్టి అంటుకుంటే అసలు తేడా తెలియదు. దాని చెయ్యి మాత్రం తప్పేది కాదు.

ఈసారి తవ్వకాల్లో నాలుగో రోజున రాళ్ళు దాన్ని దాటి పోయాయి. ఒకటి కాదు, రెండు కాదు. అది చూస్తూనే ఉంది, చెయ్యి లేవలేదు. నేను అవతలి వైపు నుంచి చూశాను. అలిసిందనుకున్నాను. చెయ్యి చాపి దాని రాళ్ళు కూడా నేనే తీశాను. ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం దాని తల్లి, అంటే మా అమ్మాయి రెనెల్, అన్నం డబ్బా కడగబోయి అందులో ఒక కాగితం చూసింది. ఇక బతకాలని లేదని రాసి ఉంది. కింద ఇంకో వాక్యం. ‘నా వల్ల మీకెవరికీ ఇబ్బంది ఉండదు.’

గంటలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ బట్టలు విప్పించి కాగితం లాంటి అంగీ, లాగూ ఇచ్చారు. తాళ్ళున్నాయని బూట్లు తీసుకుని, మట్టితో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచి మీద పేరు రాశారు. గదిలో నేలకు బిగించిన మంచం ఒకటి. గోడలోని కుళాయిని కప్పేస్తూ ఇనుప తలుపు. టీవీ దళసరి అద్దం వెనక. దీపం మీట బయట వసారాలో ఉంది, దాన్ని ఎప్పుడూ ఆర్పరు. అప్పుడు నేను దాని ముందు ఒంగి ఒక మాట చెప్పాను.

“ఇక్కడ అందరూ పనుల మీద ఉన్నారమ్మా. ఇబ్బంది పెట్టకు. ఎవరైనా ఎలా ఉన్నావంటే పర్లేదని చెప్పు.”

మా వైపు అందరం అదే చెబుతాం. మా అన్న ఒజే కుడిచేయి పట్టాలో పడి మోచేతి దాకా నలిగినప్పుడు ఇదే ఆసుపత్రిలో డాక్టరు ఎలా ఉందని అడిగితే, “పర్లేదు, తమరికి తీరికైనప్పుడు చూడండి” అన్నాడట. లోయలో ఇప్పటికీ ఆ మాట మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. చెయ్యి పోయిన సంగతి చివర్లో చెబుతారు.

తొమ్మిదో రోజు నేను వెళ్ళేసరికి గాస్టన్ మిషో గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు దుంపల లారీ తోలి, మోకాళ్ళు అరిగాక ఆసుపత్రిలో కాపలా పనికి చేరాడు. ఎలోడీ తన కళ్ళముందు నుంచి తప్పిపోకుండా చూడటం, పదిహేను నిమిషాలకొకసారి అట్టకు బిగించిన కాగితం మీద ఒక గడి నింపడం అతని పని. పడుకుంది. కూర్చుంది. టీవీ చూస్తోంది. ప్రశాంతంగా ఉంది.

“ఏవయ్యా దుబే, మీ పొలం నిన్నటితో ఖాళీ చేశారటగా థిబొడో వాళ్ళు?” అన్నాడు.

“అవునట.”

“అటా? నీ పొలమేగా?”

“నేను ఇక్కడున్నాను.”

పక్క పొలం థిబొడోలు నాకు చెప్పకుండానే తమ యంత్రం తెచ్చి నా దుంపలు తవ్వి నా నిల్వ కొట్లో పోశారు. ఇంటి మెట్ల మీద మూడు కూరల గిన్నెలు మూత పెట్టి ఉన్నాయి. పిల్లకేమైందని ఒక్కరూ అడగలేదు. కాలు విరిగి ఉంటే త్వరగా నయమవ్వాలని సిమెంటు కట్టు మీద పేర్లు రాయడానికి లోయంతా వరస కట్టేది.

“తాతా, ఆకాశం?” అంది ఎలోడీ.

చెప్పాను. తూర్పు, పడమర, గాలి. అది కళ్ళు మూసుకుని విన్నది. తొమ్మిది రోజుల్లో దాని మొహం కొట్లో వెలుతురు తగలని దుంప మొలకలా పాలిపోయింది. నాకు నాలుగు ఆవులున్నాయి. దూడకు సుస్తీ చేస్తే చీకటిగా, వెచ్చగా, తల్లికి దగ్గరగా కట్టేస్తాను. దాన్ని తొమ్మిది రోజులు దీపం కింద నిలబెట్టి పదిహేను నిమిషాలకొకసారి కాగితం మీద గీత పెడితే ఊరు నన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంది.

“రాత్రి నిద్ర పట్టిందా?”

“పర్లేదు తాతా.”

“పర్లేదంటే పట్టినట్టా, పట్టనట్టా?” అన్నాడు గాస్టన్ కాగితం మీంచి తల ఎత్తకుండా.

“గాస్టన్ మామా, నువ్వు గురక పెట్టావుగా. నీకెలా తెలుస్తుంది?”

“నేనా? డ్యూటీలోనా? అది వసారాలో ఐసు మిషను చప్పుడమ్మా.”

ఎలోడీ నవ్వినట్టే మూతి కదిపింది. అతను గడిలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు చెప్పక్కర్లేదు.

పిల్లల మనసుకు వైద్యం చేసే మంచాలు మా జిల్లాలో ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ దక్షిణాన, నాలుగైదు గంటల ప్రయాణం. వాటిని వెతికే పని మిస్ కాల్డర్ అనే పాతికేళ్ళ అమ్మాయిది. రోజూ పొద్దున్నే ఎలోడీ కాగితాలు ఆరు ఆసుపత్రులకు ఫ్యాక్స్ చేస్తుంది. వాళ్ళు చదివి ఎవరిని తీసుకోవాలో తేల్చుకుంటారు. తొమ్మిది రోజులూ కాదనే అన్నారు. నాలుగో రోజున పక్క గదిలోకి ఒక పిల్ల వచ్చింది. భోజనం పళ్ళెం గోడకేసి కొట్టి ఏడ్చింది. ఆరో రోజున దానికి మంచం దొరికింది. అంతకుముందు వచ్చిన ఇంకో పిల్ల నర్సును కరిచిందట. దాన్ని ఏ ఆసుపత్రీ తీసుకోక ఇరవై రెండు రోజులు అదే గదిలో ఉంచారట.

“కొంచెం అరిస్తే మంచం. ఎక్కువ అరిస్తే అందరికీ భయం. అసలు అరవకపోతే మర్చిపోతారు,” అన్నాడు గాస్టన్ ఒకసారి. “ఎంత అరవాలో ఎక్కడా రాసి పెట్టలేదు మరి.”

ఆ నాలుగో రోజే ఒక తవ్వకాల మనిషి వేలు నలిగి వచ్చాడు. వేలు అతుక్కునేలా కుట్టే డాక్టరు దక్షిణాన ఉన్నాడని నలభై నిమిషాల్లో హెలికాప్టరు దిగింది. నేను బయట నిలబడి చూశాను. ఎండుటాకులు లేచి ట్రక్కుల మీద పడ్డాయి. వేలు బతకాలి, కాదనను. కానీ లోపలికి వెళ్తే ఎలోడీ అదే మంచం మీద, అదే దీపం కింద ఉంది.

రెనెల్ మొహం కడుక్కుని వచ్చింది. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. తొమ్మిది రాత్రులూ ఆ గదిలో కుర్చీలోనే పడుకుంది. మెడ ఒక పక్కకు తిప్పలేకపోతోంది. దాని వెనకే మిస్ కాల్డర్ ఫైలు పట్టుకుని వచ్చింది. నవ్వుతోంది.

“మంచి కబురు మిస్టర్ దుబే. ఎలోడీ ఇంటికి వెళ్ళొచ్చు.”

“మంచం దొరికిందా?” అంది రెనెల్.

“మంచం అక్కర్లేదంటున్నారు. అన్ని ఆసుపత్రులూ అదే మాట. చాలా బాగుంది, నెమ్మదిగా ఉంది, సహకరిస్తోంది. తెర మీద డాక్టర్ గారు ఒకసారి మాట్లాడి సరేనంటే మధ్యాహ్నానికి పంపించేస్తాం. బయట డాక్టరు దగ్గర ఫిబ్రవరి పదిహేడుకి టైము దొరికింది.”

ఫిబ్రవరి అంటే కొట్లో దుంపలు సగం అమ్ముడైపోయి, విత్తనం దుంపలు వేరు చేసే రోజులు. నాలుగు నెలలకు పైనే. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాను.

“ఇక్కడ ఇన్నాళ్ళూ ఏం వైద్యం చేశారమ్మా?” అని అడిగాను.

“ఇక్కడ వైద్యం చేయరు సార్. మంచం దొరికేదాకా జాగ్రత్తగా ఉంచుతాం.”

“జాగ్రత్తగా ఉంచడం నాకూ తెలుసు. కొట్లో దుంపల్ని ఉంచుతాను.”

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. చెడ్డ పిల్ల కాదు. రోజూ పొద్దున్న ఆరింటికే వచ్చి ఫ్యాక్స్ దగ్గర నిలబడుతుందని గాస్టన్ చెప్పాడు. నా కోపం ఎవరి మీద పెట్టాలో నాకు ఆ తొమ్మిది రోజులూ తెలియలేదు. నర్సులు మంచివాళ్ళు. ఊడ్చే మనిషి మంచివాడు. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని ఎవరి గడి వాళ్ళు నింపుతున్నారు. మధ్యలో పిల్ల పాలిపోతోంది.

“చాలా బాగుందని ఎలా తెలిసింది?” అన్నాను.

“రోజూ అడుగుతాం కదా. ఇవిగో, పాప మాటలే రాస్తాం.” ఫైలు తెరిచి చదివింది. “మొదటి రోజు, పర్లేదు. రెండో రోజు, పర్లేదు, థాంక్స్. మూడో రోజు, పర్లేదు, నన్ను చూసే ముందు మిగతావాళ్ళని చూడండి...”

ఆ మాట మా అన్న ఒజేది. దాని నోట పెట్టింది నేను.

తొమ్మిదీ చదివింది. రెనెల్ నా వైపు చూసింది. మొదటి రోజు నేను పిల్ల ముందు ఒంగి చెప్పిన మాట తనూ విన్నది. అప్పుడు తల ఊపింది కూడా. దాన్ని కూడా అలాగే పెంచాను.

పది దాటాక నర్సు చక్రాల బండి తోసుకొచ్చింది. బండి మీద తెర. తెరలో డాక్టరు. డాక్టర్ హెన్షా అట. ఎక్కడో దూరాన తన గదిలో కూర్చుని మా రాష్ట్రంలో ఎనిమిది ఆసుపత్రుల పిల్లల్ని చూస్తాడు. తొమ్మిది రోజుల్లో ఈయన మూడో డాక్టరు. ముందు వచ్చిన ఇద్దరూ ఒక్కొక్కరు ఆరేడు నిమిషాలు ఉన్నారు.

“హలో ఎలోడీ. ఈ రోజు ఎలా ఉన్నావు?”

ఎలోడీ నన్ను చూసింది. పట్టా ఆగినప్పుడు, మళ్ళీ మొదలుపెట్టమంటావా అని చూసే చూపు అది.

“పర్...”

“ఆగు,” అన్నాను.

నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. నర్సు ఉలిక్కిపడింది. డాక్టరు తెరలో అటూ ఇటూ వెతుక్కున్నాడు, నేను ఆయనకు కనబడటం లేదు.

“ఎవరది?”

“దాని తాతని. లియోనెల్ దుబే. డాక్టర్ గారూ, మీరడిగింది మా వైపు ప్రశ్న కాదండీ, పలకరింపు. దానికి ఒకటే జవాబుంది. ఆ జవాబు చెప్పమని దానికి నేనే నేర్పాను. ఈ గదిలోనే, మొదటి రోజునే. అదే మీ ఫైలు నిండా ఉంది.”

“సార్, మీ ఆందోళన నాకు అర్థమైంది. పాపతో మాట్లాడనిస్తే...”

“మాట్లాడండి. ముందు నేను దాంతో ఒక మాట చెప్పాలి.”

నేను మంచం అంచున కూర్చున్నాను. మంచం కదలదు, నేలకు బిగించారు కదా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

“ఎలోడీ, నేను నీకు తప్పు చెప్పానమ్మా. అమ్మమ్మ పోయాక ఆ చలికాలం నేను రోజూ దుంపల కొట్లోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చునేవాణ్ణి. అక్కడ పనేం లేదు. చీకట్లో కూర్చునేవాణ్ణి, అంతే. ఎవరడిగినా పర్లేదన్నాను. పర్లేదు కాదు. అసలేం బాగోలేదు.”

రెనెల్ చేత్తో నోరు మూసుకుంది. దానికీ నేను ఎప్పుడూ చెప్పలేదు.

“నాకు తెలుసు తాతా,” అంది ఎలోడీ.

“ఏం తెలుసు?”

“నువ్వు లోపలుంటే నేను బయట మెట్టు మీద కూర్చునేదాన్ని. నువ్వు దగ్గేదాకా. దగ్గితే ఉన్నావులే అని ఇంటికెళ్ళిపోయేదాన్ని.”

అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. మా చలికాలంలో మెట్టు మీద. తెరలో డాక్టరు కలం తీసుకున్నాడు.

ఎలోడీ కాగితం అంగీ అంచు మడతపెడుతూ, విప్పుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. తెర వైపు చూడలేదు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

“పట్టా మీద రాళ్ళు కనబడేవి. చెయ్యి లేచేది కాదు. నాది కానట్టు ఉండేది చెయ్యి. బళ్ళో కూడా అంతే. వేసవి నుంచీ అంతే. తాత చూశాడు. నా రాళ్ళు తీశాడు. చూశాడు కదా, ఏమీ అనలేదు కదా, అయితే ఇది పర్లేదేమో, అందరికీ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.”

నా మనవరాలు ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

“ఇంటికి వెళ్తే ఎలా ఉంటుందనుకుంటున్నావు?” అని అడిగాడు డాక్టరు. గొంతు మారింది.

“భయం.”

“దేనికి భయం?”

“నేనంటేనే భయం. ఇక్కడ గాస్టన్ మామ గుమ్మంలో ఉంటాడు. ఇంట్లో గుమ్మంలో ఎవరుంటారు?”

డాక్టరు కలం కింద పెట్టాడు. కాగితాలు తిరగేశాడు. “నా దగ్గరున్న దాంట్లో ఇదేమీ లేదు,” అన్నాడు. తర్వాత పక్కనున్న గడియారం చూసుకున్నాడు. “ఎలోడీ, నువ్వు చెప్పినందుకు సంతోషం. కానీ పది నలభైకి నేను ఇంకో ఆసుపత్రిలో ఉండాలి. నర్స్, మిగతా ప్రశ్నలు మీరు ఫారంలో రాసుకుని నాకు పంపితే సాయంత్రం చూస్తాను.”

నర్సు బండి పిడి పట్టుకుంది.

నేను లేచి బండి మీద చెయ్యి వేశాను. పెద్ద చెయ్యి నాది, పని చేసిన చెయ్యి. “ఈ బండి ఇక్కణ్ణుంచి కదలదమ్మా,” అన్నాను.

“పెద్దాయనా, దయచేసి. పక్క గదిలో కూడా కావాలి. మీరిలా చేస్తే సెక్యూరిటీని పిలవాల్సొస్తుంది.”

“పిలవండి. తొమ్మిది రోజులు ఇబ్బంది పెట్టకుండా కూర్చున్నాం. ఈ పిల్ల నోరు తెరవడానికి తొమ్మిది రోజులు పట్టింది. మీ ఫారం మీద మళ్ళీ పర్లేదని వస్తుంది. వేలు నలిగినవాడికి హెలికాప్టర్ దిగింది. నా మనవరాలికి ఒక టీవీ తెచ్చి, పిల్ల మాట్లాడుతుంటే కట్టేస్తారా?”

నా జన్మలో ఆసుపత్రిలో గొంతెత్తడం అదే మొదటిసారి. వసారాలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది. సిగ్గేసినా చెయ్యి తియ్యలేదు.

నర్సు బండిని గుమ్మం వైపు కొంచెం లాగి చూసింది. అప్పుడు గాస్టన్ లేచాడు. లేవడం అతనికి కష్టం, మోకాళ్ళు. కుర్చీని ఎత్తి గుమ్మానికి సరిగ్గా మధ్యలో పెట్టి, మళ్ళీ దాంట్లో కూలబడ్డాడు.

“గాస్టన్, జరుగు,” అంది నర్సు.

“నా పనేంటమ్మా? గుమ్మంలో కూర్చోవడం. కూర్చున్నాను.”

“గాస్టన్!”

“పిల్ల మీంచి కన్ను తియ్యకూడదు, కుర్చీ వదలకూడదు. కావాలంటే కాగితం చదువుకో, సంతకం నీదే.” అట్ట తీసి గడి నింపాడు. రాస్తూనే పైకి చదివాడు. “పది ముప్ఫై ఆరు. మాట్లాడుతోంది.”

తెరలో డాక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఎనిమిది ఆసుపత్రుల పిల్లలు ఆ మొహం మీద కనబడుతున్నారు. ఎవరికో ఫోను చేసి, “పది నలభైకి రమ్మన్నవాళ్ళని ఆగమనండి,” అన్నాడు. “లేదు. ఎంతసేపో తెలియదు.”

నలభై నిమిషాలు ఉన్నాడు. నేనూ రెనెలూ చాలాసేపు బయట నిలబడ్డాం. గాస్టన్ గుమ్మంలోనే ఉన్నాడు, చెవిటివాడిలా గోడ చూస్తూ. ఎలోడీ గొంతు ఒకసారి పెద్దదైంది, ఒకసారి ఏడుపైంది. ఆ ఏడుపు విని నర్సు లోపలికి వెళ్ళబోతే గాస్టన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఏడవనీ. తొమ్మిది రోజుల్లో ఇదే మొదటిసారి.”

ఇంటికి పంపొద్దని డాక్టరు రాశాడు. మిస్ కాల్డర్ కొత్త కాగితం తెచ్చుకుని గాస్టన్ పక్కనే నేల మీద కూర్చుని రాసింది. వేసవి నుంచీ. రాళ్ళు. చెయ్యి. భయం. ఎలోడీని అడిగి అడిగి దాని మాటలే రాసింది. ఈసారి ఫ్యాక్స్ దగ్గరకు వెళ్ళలేదు. మా ముందే ఫోను తీసి ఒక్కొక్క ఆసుపత్రికీ చదివి వినిపించింది. నాలుగు చోట్ల ఖాళీ లేదన్నారు. ఒక చోట ఎవరూ ఎత్తలేదు. ఆరోది ఐదు గంటల దూరం.

“గురువారం,” అంది ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి. “బహుశా.”

ఆ రోజు సోమవారం. గురువారమంటే పన్నెండో రోజు. బహుశా. దాన్ని కబురని సంతోషించాల్సి రావడమే నాకు ఇంకా మింగుడు పడదు. పొలంలో పురుగు కనబడితే ఫోను చేసిన మర్నాడే ప్రభుత్వం మనిషి కారులో దిగుతాడు. దుంపల గురించి అంత తెలిసిన దేశం ఇది.

“ఆ దీపం,” అన్నాను నర్సుతో.

“రూలు పెద్దాయనా. పిల్ల కనబడాలి.”

“నాకు కనబడుతుంది,” అన్నాడు గాస్టన్.

నర్సు కాసేపు మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. వసారాలోకి వెళ్ళి రెండు మీటల్లో ఒకటి నొక్కింది. సగం దీపాలు ఆరాయి. ఎలోడీ తల ఎత్తి పైకప్పు చూసింది, కొత్తగా చూసినట్టు.

పన్నెండున్నరకు భోజనం పళ్ళెం వచ్చింది. చెంచా ఉండదు, చెంచాతో ఏమైనా చేసుకుంటారని. చేత్తో తినేవే పంపాలని ఉంది కానీ వంటింటికి ఆ కాగితం చేరినట్టు లేదు. మాంసం ముక్క, పక్కన దుంప ముద్ద. డబ్బా పొడిలో వేడినీళ్ళు పోసి కలిపిన ముద్ద. నాలుగు వైపులా దుంపల పొలాలు, మధ్యలో ఈ పొడి.

నేను ట్రక్కు దగ్గరికి వెళ్ళాను. గాలి తిరిగింది. పడమట మబ్బు నది మీద పలచబడి అవతలికి పోతోంది. సీటు మీద రెనెల్ పాత రుమాల్లో చుట్టిన అట్లు ఉన్నాయి. బక్‌వీట్ అనే ధాన్యం పిండితో ఒక వైపే కాల్చే మా అట్లు, ప్లోయ్‌లు. పొద్దున నేనే కాల్చాను. తొమ్మిది రోజులూ రోజూ కాల్చి తెచ్చి, బయటి తిండి ఇబ్బందేమోనని అడగకుండా రోజూ వెనక్కి తీసుకెళ్ళి ఆవులకు పెట్టాను.

ఈసారి అడగలేదు. రుమాలు మంచం మీద విప్పాను. నర్సు గుమ్మం దాకా వచ్చి చూసి, వెనక్కి వెళ్ళింది.

ఎలోడీ ఒక అట్టు చుట్టి దుంప ముద్దలో ముంచింది. రెనెల్ ఒకటి తీసుకుంది. ఒకటి గాస్టన్‌కి అందించాను. అతను గడుల కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, కలం చెవికి పెట్టుకుని తిన్నాడు. పదిహేను నిమిషాలు దాటినా గడి నింపలేదు. నేను మంచం అంచున కూర్చున్నాను. మూలన ప్లాస్టిక్ సంచిలో బూట్లకు మట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఎలోడీ రెండోది తీసుకుంది. తర్వాత మూడోది.